గురువారం కళ్ళు

మాంటెవిడియోలో తెల్లారకముందు నాలుగున్నర,
సెర్రో కొండ కింద కబేళా వెనక గేటు.
నది అంటారు గానీ అవతలి ఒడ్డు ఎవరూ చూళ్ళేదు,
దాని మీంచి వచ్చే గాలిలో సగం ఉప్పు, సగం నెత్తురు.
ఎలెయుతేరియో ఐసుపెట్టె మూత తీస్తాడు:
ఇరవై నాలుగు ఆవు కళ్ళు,
ఒక్కటీ రెప్ప వెయ్యదు.

"లెక్క చూసుకో డాక్టరమ్మా" అంటాడు.
"ఇంకా కాలేదు" అంటాను.
నాలుగేళ్ళుగా ఇవే రెండు మాటలు మార్చుకుంటున్నాం,
ఒకే గొట్టంతో మాతే చేదు పంచుకున్నట్టు.

బస్సులో పెట్టె నా ఒళ్ళోనే.
పక్క సీటావిడ ఓసారి చేపలా అని అడిగింది.
అవునన్నాను.

నా పని చాలా చిన్నది.
కటకంలో ఒక కణం నారపోగులా సాగుతుంది,
సాగుతూ సాగుతూ ఇంట్లో సామానంతా బయట పడేస్తుంది,
ఆఖరికి కేంద్రకాన్ని కూడా.
తనెవరో రాసున్న పుస్తకాన్ని
పేజీ పేజీ కొరికి మింగేస్తుంది,
వెలుతురుకి అడ్డం రాకూడదని.
మింగమని చెప్పేదెవరు?
ఏ జన్యువు, ఏ పూట, ఎవరి చెవిలో?
నా థీసిస్ మొత్తం ఇదే,
రెండొందల పన్నెండు పేజీల ఒక్క ప్రశ్న.

ఒక ఎలుకల వంశంలో ఆ స్విచ్చు ఉన్న చోట
కొన్ని అక్షరాలు తీసేశాను.
పిల్లలు పుట్టాయి. కళ్ళు తెరిచాయి.
కంటిపాప వెనక పాలచుక్క.
నీలిరంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే
కేంద్రకాలు, బారులు బారులుగా, దీపాల్లా,
ఏదీ మరిచిపోలేని కణాలు.
ఆ రాత్రి నేను కారిడార్లో గంతులేశాను.
ఆ రాత్రే ఎలుకలు పంజరం గోడలకి తగులుకుంటూ తిరిగాయి.
రెండూ ఒకే రాత్రని చాలా రోజులకి గాని తట్టలేదు.

ఇదంతా అతనికి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.
ఒకసారి నింపుకున్న మాంసకృత్తుల్ని
ఆ కణం మళ్ళీ తయారు చేసుకోలేదు, పారెయ్యదు.
"నీ కంటి నట్టనడుమ ఉన్నది
మీ అమ్మ కడుపులో తయారైందే.
డెబ్బై ఒక్క ఏళ్ళుగా అదే."
కత్తి తుడుస్తున్న గుడ్డ ఆగింది.

మార్చిలో శుక్లం తీస్తామని ఆసుపత్రి పిలిచింది. వెళ్ళలేదు.
మేలో మళ్ళీ పిలిచింది.
అతని కూతురు గ్రిసెల్దా హెల్మెట్ చంకలో పెట్టుకుని
ల్యాబ్ తలుపు దగ్గర నిలబడింది:
"ఏం చెప్పావు మా నాన్నకి?"

తల్లి పోయేసరికి అతనికి రెండేళ్ళు. ఫోటో లేదు.
ముక్కు ఎవరిదో గొంతు ఎవరిదో
చెప్పేవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు.
"ఆవిడ చేసిపెట్టింది ఇదొక్కటే ఉంది నా దగ్గర.
దాన్ని నుగ్గు చేసి పీల్చి పారేస్తారట కదా?"
పీల్చి పారేస్తారు. నిజమే.
గ్రాఫులున్నాయి నా దగ్గర. జవాబుకి వెతుక్కున్నాను.

కాసేపటికి అతనే అడిగాడు:
"పుస్తకం మింగేశాక ఆ కణానికి ఏం గుర్తుంటుంది?"
"ఏమీ ఉండదు."
"దాంట్లోంచే కదా చూసేది."
"అవును."
"ఊఁ" అన్నాడు. అంతే. వెళ్తానని అనలేదు, వెళ్ళననీ అనలేదు.

ఈ గురువారం పెట్టె తెరిచాడు.
వేలితో ఒక్కొక్కటీ తడిమి, తడిమి, లెక్కపెట్టాడు.
ఇరవై రెండు కళ్ళు.
మిగతా రెండూ గుండ్రటి కొవ్వు ముద్దలు,
ఐసు మీద మిగతావాటితో పాటే ఆకాశాన్ని చూస్తున్నాయి.

"సరిపోయాయా డాక్టరమ్మా?"
"సరిపోయాయి."

బస్సు కదిలాక నోట్‌బుక్ తీసి
తేదీ వేసి, ఇరవై నాలుగు అని రాశాను.
నాలుగేళ్ళలో తెలిసి రాసిన
మొదటి తప్పు లెక్క.